గోడ ఒకటి, కథలు రెండు: రొమేనియా, హంగేరీల ఉమ్మడి వారసత్వం

రొమేనియాలో, హంగేరీ సరిహద్దుకు దగ్గర్లో అరాద్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో ఒక పార్కు పేరు సయోధ్య పార్కు. అందులో ఒక వైపు హంగేరియన్ల స్వేచ్ఛా విగ్రహం, దానికి ఎదురుగా రొమేనియన్ల విజయ తోరణం. రెండూ గుర్తు చేసేది 1848-49 విప్లవాన్నే. కాకపోతే ఆ రెండేళ్ళలో, ఇప్పుడు రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా ప్రాంతపు హంగేరియన్లూ రొమేనియన్లూ ఒకే పక్షాన నిలబడి పోరాడలేదు. ఒకరి ఊళ్ళు ఒకరు తగలబెట్టుకున్నారు.

విగ్రహానికి పెద్ద కథే ఉంది. 1849 అక్టోబర్ 6న ఆస్ట్రియా సైన్యం హంగేరీ విప్లవ సేనానుల్ని 13 మందిని ఇదే ఊళ్ళో చంపింది. ఆ 13 మందిలో జర్మన్లు, ఒక సెర్బు, ఒక క్రొయేషియన్, ఆర్మేనియా మూలాల వాళ్ళు కూడా ఉన్నారు. ఆ రోజు ఆస్ట్రియా అధికారులు బీరు గ్లాసులు తాకించుకుని సంబరం చేసుకున్నారట. అందుకే హంగేరీలో చాలామంది నేటికీ బీరు తాగేటప్పుడు గ్లాసులు తాకించరు. అది కట్టుకథే కావచ్చు, అలవాటు మాత్రం నిజం. ద్యోర్ద్య్ జాలా అనే శిల్పి చేసిన ఈ స్మారక విగ్రహాన్ని 1890లో ఆవిష్కరించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అరాద్ రొమేనియాకి వెళ్ళింది. 1925లో విగ్రహాన్ని ముక్కలుగా విప్పేసి ఒక మూల పడేశారు. మళ్ళీ అది నిలబడింది 2004లో. అదీ ఒంటరిగా కాదు, ఎదురుగా రొమేనియన్ల తోరణంతో కలిపి.

నాకు ఈ ఏర్పాటు నచ్చింది. సయోధ్య అని పేరు పెట్టారు గానీ, ఎవరి కథనీ ఎవరూ మార్చుకోలేదు. మీ జ్ఞాపకం మీది, మా జ్ఞాపకం మాది, పార్కు మాత్రం ఇద్దరిదీ అనుకున్నారు. రెండు దేశాల మధ్య వారసత్వ పరిరక్షణ ఎక్కడ సాగింది, ఎక్కడ చతికిలబడింది అని వెతికితే దాదాపు ప్రతిచోటా ఇదే కనిపిస్తుంది. చర్చి పైకప్పు, కోట గోడ, పాట, నాట్యపు అడుగు గురించి మాట్లాడుకున్న చోట పని జరిగింది. చరిత్రలో ఎవరిది ఒప్పో ముందు తేల్చుకుందాం అన్న చోట పని ఆగిపోయింది.

అసలు చిక్కు ఎక్కడుంది?

ట్రాన్సిల్వేనియా అనగానే మనకు డ్రాక్యులా గుర్తొస్తాడు. ఆయన్ని కాసేపు పక్కన పెడదాం. హంగేరియన్లు దాన్ని ఎర్దేయ్ అంటారు, రొమేనియన్లు అర్ద్యాల్ అంటారు. శతాబ్దాల పాటు హంగేరీ రాజ్యంలోనో, హంగేరియన్ రాకుమారుల చేతిలోనో, ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గుల కిందో ఉన్న ప్రాంతం అది. జనంలో ఎక్కువమంది రొమేనియన్లే అయిన కాలంలో కూడా పెత్తనం వాళ్ళది కాదు. 1437లో రైతుల తిరుగుబాటు తర్వాత హంగేరియన్ ప్రభువులు, సేకెయ్‌లు, జర్మన్ మాట్లాడే సాక్సన్లు కలిసి చేసుకున్న ఒప్పందంలో రొమేనియన్లకు చోటు లేదు. సేకెయ్‌లంటే తూర్పు కొండల్లో ఉండే హంగేరియన్లు. 1568లో తోర్దా ఊళ్ళో కూడిన ట్రాన్సిల్వేనియా సభ నాలుగు క్రైస్తవ శాఖలకు స్వేచ్ఛ ఇచ్చింది. ఆ రోజుల్లో యూరప్‌లో అది చాలా గొప్ప విషయం. కానీ ఆ నాలుగింటిలో రొమేనియన్ల ఆర్థడాక్స్ శాఖ లేదు. దాన్ని సహించారంతే.

కాబట్టి ఒక పాత కోటని చూస్తే హంగేరియన్‌కు పోగొట్టుకున్న ఇల్లు కనిపిస్తుంది. రొమేనియన్‌కు తన తాతముత్తాతలు వెట్టి చేసిన దొరగారి గడీ కనిపిస్తుంది. రెండూ నిజమే.

1918 డిసెంబర్ 1న అల్బా యూలియాలో కూడిన రొమేనియన్లు ట్రాన్సిల్వేనియాని రొమేనియాలో కలుపుతున్నట్టు ప్రకటించారు. ఇప్పుడు అది రొమేనియా జాతీయ దినం. 1920 జూన్ 4న ట్రియనాన్ సంధితో హంగేరీ తన పాత భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు కోల్పోయింది. అది హంగేరీకి నేటికీ మానని గాయం. 2010 నుంచి జూన్ 4 హంగేరీలో జాతీయ ఐక్యతా దినం. 2020లో రొమేనియా కూడా అదే తేదీని ట్రియనాన్ దినంగా చట్టం చేసుకుంది. క్యాలెండర్‌లో ఒకే గడి, ఒకరికి శోకం, ఒకరికి సంబరం. మధ్యలో 1940 నుంచి 1944 దాకా ఉత్తర ట్రాన్సిల్వేనియా మళ్ళీ హంగేరీ చేతికి వెళ్ళొచ్చింది. ఆ నాలుగేళ్ళ చేదు ఇంకా పోలేదు.

2021 జనగణన ప్రకారం రొమేనియాలో హంగేరియన్లు పది లక్షల పైచిలుకు, అంటే దాదాపు 6 శాతం. హంగేరీలో రొమేనియన్లు చాలా కొద్దిమంది. ద్యులా పట్టణం, మేహ్‌కెరేక్ లాంటి కొన్ని పల్లెలే వాళ్ళ ఉనికిపట్టు. ఈ లెక్కలోనే ఒక అసమానత ఉంది. పరిరక్షణ అనగానే మాట ఎక్కువగా రొమేనియాలో ఉన్న హంగేరియన్ల కట్టడాల మీదికి పోతుంది. రెండో వైపు నుంచి చూసేవాళ్ళు తక్కువ.

పేరులోనే పేచీ

15వ శతాబ్దంలో టర్కీ సైన్యాల్ని నిలువరించిన ఒక సేనాని ఉన్నాడు. 1456లో బెల్‌గ్రేడ్ దగ్గర గెలిచాడు. హంగేరియన్లకు ఆయన హున్యది యానోష్. రొమేనియన్లకు యాన్కు దె హునెద్వారా. తండ్రి వొయ్కు దక్షిణాన ఉన్న రొమేనియన్ల రాజ్యం వలేకియా నుంచి వచ్చిన రొమేనియన్ వీరుడు. 1409లో హంగేరీ రాజు ఆయనకు హునెద్వారా ఎస్టేటు రాసిచ్చాడు. కొడుకు హంగేరీ రాజ్యానికే పాలనాధికారి అయ్యాడు. మనవడు మాత్యాష్ ఏకంగా హంగేరీ రాజయ్యాడు. మరి ఈ కుటుంబం ఎవరిది? ఆ కాలంలో అడిగితే ఈ ప్రశ్నే వాళ్ళకు అర్థమయ్యేది కాదేమో.

హునెద్వారాలో వాళ్ళ కోట ఉంది, కొండ మీద, వంతెన దాటి లోపలికి వెళ్ళాలి. రొమేనియాలో పర్యాటకులు విరగబడి చూసే చోట్లలో అదొకటి. బుడాపెస్ట్ వెళ్ళినా అదే పేరుతో ఇంకో కోట కనిపిస్తుంది. 1896లో హంగేరియన్లు తమ వెయ్యేళ్ళ పండగకి సిటీ పార్కులో పాత కట్టడాల నమూనాలన్నీ కలిపి ముందు చెక్కతో, అట్టలతో కట్టారు. జనానికి తెగ నచ్చేసరికి తర్వాత రాతితో కట్టుకున్నారు. అసలు కోట ఒక దేశంలో ఉంటే, దాని నకలు పక్క దేశపు రాజధానిలో బొమ్మల కొలువులా ఉంది.

మాత్యాష్ 1443లో క్లూజ్‌లో పుట్టాడు. హంగేరియన్లు ఆ ఊరిని కొలోజ్‌వార్ అంటారు. ఊరి నడిబొడ్డున గుర్రం మీద ఆయన విగ్రహం 1902లో పెట్టారు, యానోష్ ఫద్రూస్ చేసింది. 1932లో, ఊరు రొమేనియా చేతికి వచ్చాక, విగ్రహం దగ్గర ఒక ఫలకం వెలిసింది. అన్ని యుద్ధాలూ గెలిచిన ఈయన బాయా దగ్గర సొంత జాతి చేతిలోనే ఓడాడు అని దాని సారాంశం. ఆ మాటల్ని చరిత్రకారుడు నికొలాయె యోర్గా రాశాడు. 1467లో మోల్దావియా మీదికి వెళ్ళి అక్కడి రాజు స్తెఫాన్ చేతిలో దెబ్బ తిన్న సంగతి అది. యుద్ధం నిజంగానే జరిగింది, ఓటమీ నిజమే. కానీ ఆ ఫలకం చెప్పదలుచుకున్నది యుద్ధం గురించి కాదు, రాజు జాతి గురించి. తర్వాత దాన్ని తీసేయడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ గొడవ, ఇదో సీరియల్.

ఇంత రభస మధ్యలో విగ్రహానికి మాత్రం తుప్పు పట్టింది. రెండు దేశాల నిపుణులు కలిసి దాన్ని బాగు చేశారు. పని 2011లో ముగిసింది. కంచుకి ఏ రసాయనం పూయాలి, లోపలి ఇనుప ఊచల్ని ఎలా మార్చాలి అన్న దగ్గర జాతి ప్రస్తావన రాలేదు. ఫలకం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కథ మొదటికొచ్చింది.

ఇలాంటి రెండు దేశాల మనుషుల్లో మన దేశంలో నిద్రపోతున్న ఒకాయన కూడా ఉన్నాడు. 1834లో కలకత్తాలో టిబెటన్-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేసిన చోమా ది కోరోష్ సేకెయ్ హంగేరియన్. తన జాతి మూలాలు ఆసియాలో వెతుకుదామని నడిచి నడిచి లడాఖ్ దాకా వచ్చాడు. 1842లో డార్జిలింగ్‌లో చనిపోయాడు, సమాధి అక్కడే ఉంది. ఆయన పుట్టిన పల్లె ఇప్పుడు రొమేనియాలోని కోవస్నా జిల్లాలో ఉంది.

డబ్బు ఎటు నుంచి వస్తుంది?

అసలు మెలిక ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

1996 సెప్టెంబర్‌లో రెండు దేశాలూ రొమేనియాలోని తిమిష్వారాలో స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నాటోలోకి, యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్ళాలంటే పొరుగువాళ్ళతో గొడవలు సర్దుకోక తప్పని పరిస్థితి. 2004లో హంగేరీ, 2007లో రొమేనియా యూనియన్‌లో చేరాయి. దాంతో సరిహద్దు దాటే ప్రాజెక్టులకు ఇంటర్‌రెగ్ అనే నిధి అందుబాటులోకి వచ్చింది.

ఇంటర్‌రెగ్ లెక్క సూటిగానే ఉంటుంది. ప్రాజెక్టులో రెండు దేశాల వాళ్ళూ ఉండాలి. ఒకరు ముందుండి నడపాలి, బాధ్యత ఇద్దరిదీ. ఖర్చులో 85 శాతం దాకా యూనియన్ భరిస్తుంది. మిగిలింది ప్రభుత్వాలు, పని చేసేవాళ్ళు పెట్టుకోవాలి. 2014-2020 దఫాలో రొమేనియా-హంగేరీ కార్యక్రమానికి యూనియన్ ఇచ్చింది దాదాపు 18.9 కోట్ల యూరోలు. అదంతా గుళ్ళకీ గోపురాలకీ కాదు. నదులు, ఆసుపత్రులు, ఉద్యోగాలు, రోడ్లు అన్నీ అందులోనే. ప్రకృతి, సంస్కృతి వారసత్వం ఒక వాటా. కార్యక్రమాన్ని నడిపే ఉమ్మడి కార్యాలయం రొమేనియాలోని సరిహద్దు నగరం ఒరాద్యాలో ఉంది.

రెండు వైపులా నాలుగేసి జిల్లాలకే ఈ నిధి. రొమేనియాలో సతు మారె, బిహోర్, అరాద్, తిమిష్. హంగేరీలో వాటికి ఎదురుగా ఉన్న నాలుగు. మ్యాపు తీసి చూడండి. క్లూజ్ లేదు. హునెద్వారా లేదు. సేకెయ్‌ల జిల్లాలు లేవు. అంటే రెండు జాతులూ కలిసి బతికిన ఆనవాళ్ళు అన్నిటికన్నా చిక్కగా ఉన్న ప్రాంతమంతా సరిహద్దు నుంచి వందల కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. దాయాదుల తగవు ఇంటి నడిమింట్లో ఉంటే, సాయమేమో ప్రహరీ గోడకి అందుతోంది.

ఆ ఖాళీలోకి హంగేరీ ప్రభుత్వపు డబ్బు వచ్చింది. తన సరిహద్దుల అవతల ఉన్న హంగేరియన్ల కట్టడాల్ని బాగు చేయడానికి ఆ దేశం 2015లో రోమెర్ ఫ్లోరిష్ ప్రణాళిక మొదలుపెట్టింది. 19వ శతాబ్దపు పురాతత్వ పండితుడి పేరది. తెలెకి లాస్లో ఫౌండేషన్ ద్వారా పల్లెల్లోని పాత చర్చిలకు కప్పులు, గోడచిత్రాలు, చెక్కపని బాగు చేయించారు. జనం వలసపోయి పదుల సంఖ్యలో ముసలివాళ్ళే మిగిలిన పల్లెలకు ఇదే దిక్కు. ఇంటర్‌రెగ్ లాంటి నిధుల్లో ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లులు చూపించి రాబట్టుకోవాలి. పల్లె చర్చి పాస్టర్ అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌కు దీంతో ఎప్పుడూ కాస్త టెన్షనే. పొరుగు ప్రభుత్వం మన దేశంలో మన పౌరుల కోసం నేరుగా ఖర్చు పెట్టడమేమిటి, దాని వెనక ఉద్దేశం ఏమిటి అని అడుగుతారు. ఉత్త అనుమానం అని కొట్టిపారేయలేం. బుడాపెస్ట్ రాజకీయాల్లో ట్రియనాన్ మాటకి ఓట్లు రాలతాయని అందరికీ తెలుసు. కానీ ఆ చర్చిలు రొమేనియా ప్రభుత్వ స్మారకాల జాబితాలోనే ఉన్నాయి. 2001 నాటి 422వ చట్టం ప్రకారం వాటి బాధ్యతలో రొమేనియాకీ భాగం ఉంది. ఆ జాబితాలో సుమారు 30,000 కట్టడాలున్నాయి, అన్నిటికీ డబ్బు లేదు. ‘ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టు’ అన్నది మన సామెత. ఇద్దరిదీ అయినదాన్ని ఎవరూ పట్టించుకోకపోతే జరిగేది అదే.

ఎవరు డబ్బిచ్చినా పని మాత్రం రొమేనియా చట్టం ప్రకారమే సాగాలి. జాతీయ ప్రాధాన్యం ఉన్నవి ఏ వర్గం, స్థానిక ప్రాధాన్యం ఉన్నవి బి వర్గం. ప్లాను వేసేవాళ్ళకు, పని చేసేవాళ్ళకు సాంస్కృతిక శాఖ గుర్తింపు ఉండాలి, అనుమతులుండాలి. ఈ కాగితాల పని నత్తనడక నడుస్తుంది. అయినా ఒక మేలు ఉంది. హంగేరీ డబ్బు, రొమేనియా అనుమతి రెండూ ఒకే ఫైలులో కలవాల్సి వస్తుంది.

సరిహద్దు నిధుల్లో నాకు బాగా నచ్చింది మధ్యయుగపు చర్చిల దారి. హంగేరీ ఈశాన్య మూల, రొమేనియాలోని సతు మారె, ఉక్రెయిన్‌లోని ట్రాన్స్‌కార్పాతియా కలిపి పల్లె చర్చిల్ని ఒక యాత్రా మార్గంగా గుదిగుచ్చారు. రొమేనియా వైపు ఆకోష్‌లో జంట బురుజుల ఇటుక చర్చి ఉంది. హంగేరీ వైపు చరోదాలో గోడ మీది సాధువులు చిరునవ్వు నవ్వుతుంటారు. ఆ కాలపు బొమ్మల్లో నవ్వు అరుదు. పక్కనే తాకోష్‌లో తడికెలకు మట్టి మెత్తి కట్టిన చర్చిని ‘కాళ్ళకు చెప్పుల్లేని నోత్రెదామ్’ అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇందులో ఏ ఒక్కదాని కోసమూ ఎవరూ బుడాపెస్ట్ నుంచి ప్రత్యేకంగా రారు. దారిగా కలిపితే వస్తారు. ప్రచారం అంటే ఇదీ.

చేతిపని నేర్పే కోట

క్లూజ్‌కు ఉత్తరాన బొన్‌త్సీదా అనే ఊళ్ళో బాన్ఫి వంశం వాళ్ళ కోట ఉంది. ట్రాన్సిల్వేనియా వెర్సాయ్ అని పేరు. చివరి యజమాని మిక్లోష్ బాన్ఫి ఒకప్పుడు హంగేరీ విదేశాంగ మంత్రి. 1943లో ఆయన రహస్యంగా బుకారెస్ట్ వెళ్ళి, రెండు దేశాలూ కలిసి జర్మనీ పక్షం వదిలేద్దామని మాట్లాడాడు. మాట కుదరలేదు. 1944లో వెనక్కి వెళ్తున్న జర్మన్ సైన్యం కోటని దోచి తగలబెట్టింది. ఆ రాయబారానికి కక్షగానే చేశారని అంటారు. తర్వాత కమ్యూనిస్టు కాలంలో మిగిలిన గోడలు కూడా పాడుబడ్డాయి.

క్లూజ్ కేంద్రంగా పనిచేసే ట్రాన్సిల్వేనియా ట్రస్ట్ 2001 నుంచి అక్కడ ఒక శిక్షణ నడుపుతోంది. సున్నం గార ఎలా కలపాలి, రాయి ఎలా చెక్కాలి, పాత కిటికీ చట్రం ఎలా అతకాలి. రొమేనియన్లు, హంగేరియన్లు, ఇంకా ఎన్నో దేశాల కుర్రాళ్ళు అక్కడ చేతులు సున్నంలో పెట్టి పని నేర్చుకుంటారు. కోట పాఠశాల అయింది, ఆ పాఠంతోనే కోట కొద్దికొద్దిగా లేస్తోంది. 2008లో దీనికి యూరప్ స్థాయి వారసత్వ పురస్కారం వచ్చింది. 2013 నుంచి ఆ ఆవరణలో ఏటా పెద్ద సంగీతోత్సవం కూడా జరుగుతోంది. వేలమంది కుర్రకారు శిథిలాల ముందు గెంతడం పరిరక్షణేనా అని పండితులు ముఖం చిట్లిస్తారు. ఎవరూ రాని కోట కన్నా నయం కాదూ?

చేతిపనిలో జాతులు ఎలా కలిసిపోతాయో చూడాలంటే క్లూజ్ దగ్గరి కలొతసెగ్ పల్లెల్లో తల పైకెత్తాలి. చర్చి పైకప్పంతా చదరపు చెక్కలు, ప్రతి చెక్కలోనూ పువ్వో పక్షో నక్షత్రమో. 18వ శతాబ్దంలో లోరిన్త్స్ ఉమ్లింగ్, ఆయన కొడుకులు ఊరూరా తిరిగి వేసిన రంగులవి. చర్చిలు హంగేరియన్ల కాల్వినిస్టు (ప్రొటెస్టంట్ శాఖ) చర్చిలు. ఉమ్లింగ్‌లేమో సాక్సన్ మూలాల వాళ్ళు.

పాటకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, పాట సేకరించినవాడికి తిట్లు తప్పలేదు

బేలా బార్తోక్ 1881లో పుట్టిన ఊరు ఇప్పుడు రొమేనియాలోని తిమిష్ జిల్లాలో ఉంది. హంగేరీ గర్వించే సంగీతకారుడు. కానీ ఆయన సేకరించిన రొమేనియన్ బాణీలు మూడు వేలకు పైమాటే. 1909లో బిహోర్ పల్లెలకు ఫోనోగ్రాఫ్, మైనపు గొట్టాలు మోసుకుని వెళ్ళాడు. బెయూష్‌లో పనిచేసే రొమేనియన్ ఉపాధ్యాయుడు యోన్ బుషీత్సియా ఆయనకు ఊళ్ళు చూపించాడు, మనుషుల్ని కలిపాడు. భాష కూడా బార్తోక్ నేర్చుకున్నాడు. ఆ బిహోర్ పాటల పుస్తకాన్ని 1913లో అచ్చువేసింది ఎవరో తెలుసా? బుకారెస్ట్‌లోని రొమేనియన్ అకాడెమీ. అప్పటికి బిహోర్ హంగేరీలోనే ఉంది. ఇంటర్‌రెగ్‌కి వందేళ్ళ ముందు, నిధులూ నిబంధనలూ లేకుండా జరిగిన సరిహద్దు సహకారం ఇది.

1915లో ఆయన కట్టిన రొమేనియన్ జానపద నృత్యాలు బుషీత్సియాకే అంకితం. మొదట పేరు ‘హంగేరీలోని రొమేనియన్ జానపద నృత్యాలు’. సరిహద్దు మారాక ‘హంగేరీలోని’ అన్న మాట రాలిపోయింది. పాట మారలేదు, అట్ట మీద పేరు మారింది. 1920లో హునెద్వారా ప్రాంతపు రొమేనియన్ సంగీతం మీద ఆయన రాసిన వ్యాసం చూసి బుడాపెస్ట్ పత్రికలు దేశద్రోహి అన్నంత పని చేశాయి. దేశం ముక్కలైన వేళ రొమేనియన్ల పాటల్ని పొగుడుతాడా అని. 1931లో ఆయన ఒక రొమేనియన్ మిత్రుడికి రాసిన లేఖలో, తన జీవితాన్ని నడిపే ఆలోచన జాతుల సోదరభావమే అన్నాడు.

నాట్యం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 1972 మే 6న బుడాపెస్ట్‌లో కొందరు కుర్రాళ్ళు ‘నాట్యపు ఇల్లు’ తెరిచారు. హంగేరియన్‌లో దాన్ని తాంత్స్‌హాజ్ అంటారు. వేదిక మీద ఆడి చప్పట్లు కొట్టించుకోవడం కాదు, పల్లెలో లాగా అందరూ కలిసి ఆడటం. ఆ పద్ధతి వాళ్ళు నేర్చుకున్నది క్లూజ్ దగ్గరి సిక్ అనే పల్లె నుంచి. రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌసెస్కు పాలనలో విదేశీయులు దగ్గరి బంధువుల ఇళ్ళలో తప్ప ప్రైవేటు ఇళ్ళలో రాత్రి ఉండకూడదని 1974లో ఆంక్ష పెట్టారు. అయినా బుడాపెస్ట్ నుంచి టేప్ రికార్డర్లతో వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. 2011లో యునెస్కో ఈ పద్ధతిని మంచి పరిరక్షణ విధానాల జాబితాలో చేర్చింది.

ఇక వాయించేది ఎవరు? చాలా పల్లెల్లో రోమా కళాకారులు, అంటే జిప్సీలని పిలిచే జాతివాళ్ళు. హంగేరియన్ పెళ్ళికి హంగేరియన్ బాణీ, రొమేనియన్ పెళ్ళికి రొమేనియన్ బాణీ, తమ పెళ్ళికి తమది. అన్నీ ఒకే వయొలిన్ మీద. నిజానికి ఉమ్మడి వారసత్వానికి కావలిదారులు వీళ్ళే. ఒప్పందాల కాగితాల్లో మాత్రం వీళ్ళ పేరు చివరి వరుసలో ఉంటుంది, ఉంటే. 2015లో రొమేనియా కుర్రవాళ్ళ నృత్యాలు యునెస్కో జాబితాలోకి వెళ్ళినప్పుడు హంగేరియన్, రోమా నర్తకుల పాత్ర కూడా అందులో ప్రస్తావించారు. అది మంచి మార్పు. 2022లో లిపిజ్జానర్ గుర్రాల పెంపకాన్ని ఎనిమిది దేశాలు కలిసి జాబితాలో చేర్చుకున్నాయి. వాటిలో ఈ రెండు దేశాలూ ఉన్నాయి. గుర్రాల దగ్గర పేచీ రాలేదు.

బుడాపెస్ట్‌లోని రొమేనియన్ల ఆస్తి

ఇప్పటిదాకా కథ ఎక్కువగా ఒక వైపు నుంచే నడిచింది. రెండో వైపు చూద్దాం.

రొమేనియన్ భాష అచ్చు చరిత్రలో హంగేరియన్ల చెయ్యి ఉంది. 1648లో అల్బా యూలియాలో వెలువడిన రొమేనియన్ కొత్త నిబంధనకు అండగా నిలిచింది హంగేరియన్ రాకుమారుడు ద్యోర్ద్య్ రాకోత్సి. రొమేనియన్లని కాల్వినిజంలోకి లాగాలన్నది ఆయన ఆశ. ఆశ తీరలేదు, భాషకి పుస్తకం దక్కింది. 1825లో రొమేనియన్ భాషకు తొలి పెద్ద వ్యుత్పత్తి నిఘంటువు వెలువడింది ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగమైన బుడాలోని విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచే.

అలాంటిదే ఎమనుయిల్ గోజ్దు కథ. 1802లో ఒరాద్యాలో పుట్టి, బుడాకి జంట నగరమైన పెస్ట్‌లో పేరుమోసిన న్యాయవాది అయ్యాడు. 1870లో చనిపోతూ ఆస్తినంతా ఆర్థడాక్స్ రొమేనియన్ విద్యార్థుల చదువుకు రాసేశాడు. ఆ ఫౌండేషన్ బుడాపెస్ట్‌లో వరస ఇళ్ళు, వాటి మధ్య ముంగిళ్ళు కట్టించింది. ఇవాళ గోజ్దు ముంగిలి అంటే రాత్రంతా వెలిగే బార్లు, రెస్టారెంట్ల వీధి. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత ఆస్తి ఫౌండేషన్ చేతిలోంచి పోయింది. 2005లో రెండు ప్రభుత్వాలూ కలిసి ఉమ్మడి గోజ్దు ఫౌండేషన్ పెడదామని ఒప్పందం చేసుకున్నాయి. రొమేనియా పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. ఉమ్మడి ఫౌండేషన్‌కు ఒప్పుకుంటే అసలు ఆస్తి మీద హక్కు వదులుకున్నట్టే అన్నది అక్కడి వాదన. హంగేరియన్ చర్చిలు, కాలేజీలు రొమేనియాలో తమ జప్తు ఆస్తులు తిరిగి అడిగితే అచ్చం ఇదే వాదన తిరగబడి వినిపిస్తుంది. అల్బా యూలియాలో కేథలిక్ బిషప్ ఇగ్నాత్స్ బాత్యానీ పెట్టిన పాత గ్రంథాలయం, అమూల్యమైన రాతప్రతులున్నది, ఇలాగే దశాబ్దాల తగవులో చిక్కుకుంది. 2012లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు రొమేనియాని తప్పుబట్టింది.

ఆస్తి హక్కు మాట వచ్చిన చోట సహకారం ఆగిపోతుంది. శవాల మాట వచ్చిన చోట ఇంకా దారుణం. 2019లో రొమేనియాలోని ఊజ్ లోయలో ఉన్న సైనిక శ్మశానంలో రొమేనియన్ సైనికుల పేరిట కొత్తగా సిమెంటు శిలువలు పాతారు. జూన్ 6న రెండు వర్గాలూ అక్కడే తలపడ్డాయి. ప్రపంచ యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ళ మధ్య, బతికున్నవాళ్ళు.

తలుపు తీశాక

2025 జనవరి 1 నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లోకి, అంటే యూరప్‌లో సరిహద్దు తనిఖీల్లేని దేశాల కూటమిలోకి, వచ్చింది. హంగేరీతో దాదాపు 450 కిలోమీటర్ల సరిహద్దులో మామూలు తనిఖీలు పోయాయి. ఒరాద్యా నుంచి హంగేరీలోని డెబ్రెత్సెన్‌కు సినిమాకో నాటకానికో వెళ్ళొచ్చే మనిషికి ఇంక గుర్తు పెట్టుకోవాల్సింది గడియారం ఒక్కటే, రొమేనియాలో గంట ముందుంటుంది. 2023లో తిమిష్వారా, హంగేరీలోని వెస్‌ప్రేమ్ రెండూ ఒకే ఏడాది యూరప్ సాంస్కృతిక రాజధానులయ్యాయి. తిమిష్వారాలో ఒకే భవనంలో రొమేనియన్, హంగేరియన్, జర్మన్ నాటకశాలలు మూడూ నడుస్తాయి. 1989 డిసెంబర్‌లో చౌసెస్కుని కూల్చిన తిరుగుబాటు మొదలైంది కూడా ఆ ఊళ్ళోనే. హంగేరియన్ పాస్టర్ లాస్లో తోకెష్‌ని ఇంట్లోంచి వెళ్ళగొట్టబోతుంటే ఆయన గుమ్మం ముందు హంగేరియన్లతో పాటు రొమేనియన్లూ గుంపు కట్టారు. మూడు నెలలు తిరిగేసరికల్లా, 1990 మార్చిలో, ట్రాన్సిల్వేనియాలోని తిర్గు ముర్యెష్‌లో రెండు జాతులవాళ్ళూ వీధుల్లో కొట్టుకున్నారు. తిమిష్వారా చెప్పేవాళ్ళు తిర్గు ముర్యెష్ దాటేస్తారు, తిర్గు ముర్యెష్ చెప్పేవాళ్ళు తిమిష్వారా దాటేస్తారు.

అలాగే ఇద్దరూ దాటేసే ఇంకో సంగతి ఉంది. ఒరాద్యాలో పర్యాటకులు ఫొటోలు తీసుకునే నల్ల గద్ద భవనం, తిర్గు ముర్యెష్‌లోని సంస్కృతి భవనం రెండూ మార్సెల్ కోమోర్, దెజో యాకబ్ అనే యూదు వాస్తుశిల్పులు గీసినవే. హంగేరియన్ శైలికి ముఖచిత్రాల్లాంటివి, ఇప్పుడు రొమేనియన్ నగరాలకు గర్వకారణాలు. 1944లో ఒరాద్యా యూదుల్ని నాజీల మృత్యు శిబిరం ఆష్విట్స్‌కు రైళ్ళలో తరలించారు. అదే ఏడాది నవంబర్‌లో కోమోర్‌ని కాల్చి చంపారు. సాక్సన్లలో ఎక్కువమంది జర్మనీకి వెళ్ళిపోయారు. రొమేనియన్-హంగేరియన్ వారసత్వం అని రెండు పేర్లతో రాసుకున్న ప్రతి బోర్డు మీదా రాయని పేర్లు కొన్ని ఉన్నాయి.

సేకెయ్‌ల ప్రాంతంలో దిర్జివు అనే పల్లె ఉంది. హంగేరియన్లు సేకెయ్‌దెర్జ్ అంటారు. సాక్సన్ల కోట చర్చిలతో పాటు యునెస్కో జాబితాలో ఉన్న యూనిటేరియన్ (ఇదీ ఒక క్రైస్తవ శాఖే) చర్చి అక్కడుంది, చుట్టూ ప్రహరీ, మూలల్లో బురుజులు. లోపల గోడ మీద 1419లో వేసిన లాస్లో రాజు కథ. ఒక పిల్లని ఎత్తుకుపోతున్న కుమన్ అనే సంచార జాతి వీరుణ్ణి ఆ రాజు గుర్రం మీద తరుముతుంటాడు. హంగేరియన్ల ఈ సాధు రాజు సమాధి ఉండేది ఒరాద్యాలో. ఊరి జనం ఉప్పు పట్టించి పొగబెట్టిన పందిమాంసాన్ని ఇప్పటికీ ఆ బురుజులోనే దాచుకుంటారు. ఒకప్పుడు టర్కీ, తాతారు దాడులకు భయపడి మొదలైన అలవాటు. దాడులు ఆగి శతాబ్దాలు గడిచాయి. బురుజులో మాంసానికి పురుగు పట్టదు, చల్లగా ఉంటుంది, అందుకని మానలేదు.